సింగరేణి క్వార్టరులో రుతువుకు తగిన అలంకరణ

ప్రశ్న: గోదావరిఖనిలోని సింగరేణి బొగ్గు గనుల సంస్థ క్వార్టరును రుతువులకు తగినట్లు, తక్కువ ఖర్చుతో అలంకరించుకోవడం ఎలా?

జవాబు: గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఓపెన్‌కాస్ట్ గనుల, అంటే పైనేలను తొలగించి బొగ్గు తీసే గనుల, దుమ్ము కూడా ఇళ్లకు చేరుతుంది గనుక ఇక్కడి అలంకరణ కంటికి ఇంపుగా ఉండడంతోపాటు వేడికీ దుమ్ముకూ తట్టుకోవాలి. వేసవిలో పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి తడిపితే, నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని గ్రహించే ప్రక్రియ, అనగా బాష్పీభవనం, వల్ల గది చల్లబడి పరిమళిస్తుంది. తరచూ ఉతకదగిన లేతరంగు నూలు తెరలు అన్ని గదులకూ మేలు; రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించేవారి గదికి మాత్రం ముదురు తెరలే తగినవి. వానాకాలపు గాలిలో తేమ అధికం కాబట్టి తడిక అంతగా ఫలించదు. దానిని ఎండబెట్టి దాచి, బీరువాలను చెమ్మ గోడలకు ఎడంగా జరిపి, గాలి ఆడనివ్వాలి. వానలు తగ్గుముఖం పట్టే వేళ వచ్చే బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు, బంతి పూలే ఇంటికి రంగులద్దుతాయి; గునుగు ఎండినా రూపు చెడదు కనుక, కొన్ని పూలను ముందే విడిగా కట్టలు కట్టి మట్టికూజాలో నిలిపితే చలికాలమంతా శోభనిస్తాయి. అప్పుడు నేలపై, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా పరిస్తే, గదికి వెచ్చదనమూ నేతన్నకు ఆదరువూ దక్కుతాయి.