పాఠం 14: పాత వీడియో గేములు, ఇంటి కంప్యూటర్లు – వస్తువునూ జ్ఞాపకాన్నీ కాపాడుకోవడం

14.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తొలినాటి ఇంటి కంప్యూటర్లు, వీడియో గేములు ఎలా పనిచేసేవో వివరించగలుగుతారు.
• సముద్రతీర వాతావరణంలో అవి త్వరగా పాడవడానికి కారణాలు చెప్పగలుగుతారు.
• ఒక పాత వస్తువుకు సంబంధించిన జ్ఞాపకాలను అడిగి తెలుసుకొని, క్రమంగా రాయగలుగుతారు.

14.2 ప్రవేశిక

సేకరణ అనగానే నాణేలు, తపాలా బిళ్ళలు గుర్తుకు వస్తాయి. ఇటీవలి కాలంలో పాత వీడియో గేములను, చిన్న కంప్యూటర్లను కూడా శ్రద్ధగా సేకరించేవారు ఉన్నారు. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూసిన యంత్రం ఇప్పుడు అటక మీద దుమ్ము పట్టి ఉండవచ్చు. దాన్ని పారేయాలా, దాచాలా?

అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి దీని పేరు శ్రీ విజయపురం) సముద్రం మీద దాదాపు 1200 కిలోమీటర్లు. ఇలాంటి యంత్రం ఏదైనా ఓడలోనో విమానంలోనో రావలసిందే. అంత దూరం నుంచి వచ్చిన వస్తువుకు ఒక కథ ఉంటుంది. వస్తువు మిగిలి, కథ పోతే అది ఉత్త ప్లాస్టిక్ పెట్టె. అందువల్ల రెండింటినీ కాపాడడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

14.3 ఇంట్లోకి వచ్చిన కంప్యూటర్లు

మొదట్లో కంప్యూటర్లు పెద్ద సంస్థలకే పరిమితం. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.–12 అనే కంప్యూటరును తయారు చేసింది. అటువంటివి ఇంట్లో పెట్టుకునేవి కావు.

1982లో బ్రిటన్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ ‘జడ్ఎక్స్ స్పెక్ట్రమ్’ అనే చిన్న కంప్యూటరును విడుదల చేసింది. దీనికి సొంత తెర లేదు. ఇంట్లోని టీవీనే తెర. ప్రోగ్రాములను దాచడానికి మామూలు టేపు రికార్డరు, పాటల క్యాసెట్టు చాలు. కంప్యూటరు సమాచారాన్ని శబ్దాలుగా మార్చి క్యాసెట్టులో నింపేది. తిరిగి వినిపిస్తే ఆ శబ్దాలను చదువుకొనేది. ఒక పెద్ద ఆట తెర మీదికి రావడానికి సుమారు 5 నిమిషాలు పట్టేది. మధ్యలో టేపు నలిగితే మళ్ళీ మొదటి నుంచి!

దీని పెద్ద రకంలో జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. ఈనాటి 4 గిగాబైట్ల ఫోనుకు దానికంటే 87 వేల రెట్లు ఎక్కువ జ్ఞాపకశక్తి ఉంటుంది. అయినా ఆ కొద్ది చోటులోనే పిల్లలు ఆటలు ఆడారు, సొంతంగా ప్రోగ్రాములు రాశారు.

మన దేశంలో 1984–85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఇచ్చింది. ఎందరో విద్యార్థులు మొదటిసారి కంప్యూటర్ మీట నొక్కింది వాటి మీదనే.

14.4 టీవీకి తగిలించే ఆటలు

జపానులో నింటెండో కంపెనీ 1983లో ‘ఫ్యామికామ్’ అనే ఆట యంత్రాన్ని విడుదల చేసింది. దాన్ని అనుకరించి ఇతరులు చేసిన యంత్రాలు ‘లిటిల్ మాస్టర్’ వంటి పేర్లతో 1990లలో మన బజార్లకు వచ్చాయి. చాలా ఇళ్ళలో వాటిని ‘టీవీ వీడియో గేమ్’ అనేవారు. ఆట ఉండే ప్లాస్టిక్ బిళ్ళను ‘క్యాసెట్టు’ అనేవారు గాని, అందులో టేపు ఉండదు, చిప్పు ఉంటుంది. కొన్నింటి మీద లక్షల ఆటలున్నట్లు అంకెలు వేసేవారు. లోపల ఉన్నవి కొన్నే. అవే మళ్ళీ మళ్ళీ వచ్చేవి.

ఆట రాకపోతే క్యాసెట్టు తీసి ‘ఉఫ్’ అని ఊది పెట్టడం అందరికీ అలవాటు. నిజానికి పనిచేసింది ఊపిరి కాదు. తీసి మళ్ళీ పెట్టినప్పుడు లోపలి రేకులు సరిగా తగిలేవి. ఊపిరిలోని తేమ వల్ల ఆ రేకులకు మెల్లగా చిలుము పట్టేది.

బాతులను కొట్టే తుపాకి ఆట గుర్తుందా? మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి మెరిసేది. తుపాకి గొట్టంలోని కన్ను ఆ వెలుగును చూస్తే దెబ్బ తగిలినట్లు. ఇది పిక్చర్ ట్యూబు టీవీ వేగానికి తగినట్లు చేసినది. ఈనాటి పలుచని టీవీలలో బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది గనుక ఆ తుపాకి పనిచేయదు. అంటే యంత్రం ఉన్నా, తుపాకి ఉన్నా, పాత టీవీ లేకపోతే ఆ ఆట లేదు. అప్పుడు మిగిలేది ఆడినవారి జ్ఞాపకమే.

పాఠంలోని ప్రశ్నలు – 1
అ) జడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌కు తెరగా ఉపయోగపడినది ఏది?
ఆ) క్యాసెట్టును ఊదడం వల్ల కలిగే నష్టం ఏమిటి?

14.5 దీవుల్లో వస్తువులను దాచడం

అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గాలిలో తేమతోపాటు ఉప్పు కూడా ఉంటుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. అందువల్ల రాగికి చిలుము, ఇనుముకు తుప్పు, టేపులకు బూజు త్వరగా వస్తాయి. కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి:

1. దాచేముందు బ్యాటరీలన్నీ తీసివేయండి. అవి కారితే లోపలి భాగాలు తినుకుపోతాయి.
2. పొడి గుడ్డతో తుడిచి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. నీలిరంగు సిలికా జెల్ గుళికల పొట్లం వేయండి. అవి గులాబీ రంగుకు మారితే తేమ నిండినట్లు. వెంటనే మార్చండి. పిల్లలకు అందనివ్వకండి.
3. ఎండలో ఆరబెట్టకండి. ఎండకు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది.
4. క్యాసెట్టు రేకులను నీటితో కడగకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన దూదితో తుడిచి ఆరనివ్వండి.
5. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న యంత్రానికి వెంటనే కరెంటు ఇవ్వకండి. అడాప్టరును, వైర్లను తెలిసిన మెకానిక్కుకు చూపించండి.

హెచ్చరిక: పిక్చర్ ట్యూబు టీవీని మీరుగా విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

14.6 జ్ఞాపకాన్ని రాసి ఉంచడం

ఎంత జాగ్రత్తపడినా యంత్రం ఒకనాటికి ఆగిపోతుంది. 1990లలో ఆడిన పిల్లలు ఇప్పుడు నడివయసువారు. కొనిచ్చిన పెద్దలు వృద్ధులు. అడగవలసిన సమయం ఇదే. ఈ పాఠం చదువుతున్న మీలోనే కొందరు ఆ కాలానికి సాక్షులై ఉండవచ్చు. బడి మధ్యలో మానేసినవారి జ్ఞాపకాలకు కూడా చరిత్రలో చోటు ఉంది.

“అప్పట్లో ఎలా ఉండేది?” అని అడిగితే “బాగుండేది” అనే జవాబు వస్తుంది. “ఎవరు తెచ్చారు? ఎంత పెట్టి కొన్నారు? మొదట ఎవరు ఆడారు? ఎందుకు మానేశారు?” అని అడగండి. సంవత్సరం గుర్తులేకపోతే పెళ్ళి, పురుడు, పరీక్ష వంటి సంఘటనకు ముందా తరువాతా అని అడగవచ్చు. ఈ దీవుల్లో చాలామంది కాలాన్ని 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీకి ముందు, తరువాత అని లెక్కిస్తారు. అయితే ఆ నాడు ఇల్లో, అయినవారో పోయిన కుటుంబాన్ని ఈ ప్రశ్న అడిగేటప్పుడు జాగ్రత్త అవసరం. వారు చెప్పదలచుకుంటేనే వినండి.

విన్నదాన్ని ఇలా రాయండి (ఇది నమూనా మాత్రమే):

వస్తువు: టీవీ వీడియో గేమ్, రెండు రిమోట్లు, ఒక తుపాకి
వచ్చినది: 1996, పెదనాన్నగారు విశాఖ నుంచి ఓడలో తెచ్చారు
ఆడినవారు: అన్నయ్య, చెల్లి, పక్కింటి పిల్లలు
ఇంటి నియమం: ‘లైఫు’ పోయినవారు రిమోటు ఇచ్చేయాలి
గుర్తున్న సంగతి: కరెంటు పోతే ఆట మళ్ళీ మొదటి నుంచి, అందుకే చివరి దశ ఎవరూ చూడలేదు
ఇప్పటి స్థితి: యంత్రం పనిచేయదు, తుపాకి మాత్రమే ఉంది
చెప్పినవారు, తేదీ: __________

ఈ కాగితాన్ని వస్తువుతో పాటు ఒక ప్రతి, వేరేచోట మరొక ప్రతి ఉంచండి. వస్తువు పోయినా రాత మిగులుతుంది.

14.7 సారాంశం

టీవీ, టేపు రికార్డరు వంటి ఇంటి వస్తువుల సాయంతోనే తొలి ఇంటి కంప్యూటర్లు పనిచేశాయి. పాత యంత్రాన్ని తేమ, ఉప్పు, ఎండ పాడుచేస్తాయి. దాన్ని వాడినవారి మాటలు కూడా రాసి ఉంచితేనే సేకరణ పూర్తవుతుంది.

14.8 కొత్త మాటలు

చిలుము = రాగి, ఇత్తడి మీద పట్టే పచ్చని పొర
అనుకరించు = మరొకదానిని చూసి అలాగే చేయు
సాక్షి = స్వయంగా చూసినవారు

14.9 పాఠాంత ప్రశ్నలు

1. దీవుల్లో పాత యంత్రాలు త్వరగా పాడవడానికి కారణాలు రాయండి.
2. “యంత్రం ఉన్నా ఆట లేదు” – తుపాకి ఆట ఉదాహరణతో వివరించండి.
3. మీ ఇంట్లోని ఒక పాత వస్తువు గురించి పెద్దవారిని అడిగి, 14.6లోని నమూనా ప్రకారం రాయండి.

14.10 పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

1. అ) ఇంట్లోని టీవీ
ఆ) ఊపిరిలోని తేమ వల్ల రేకులకు చిలుము పడుతుంది.