పాత కటకాలకు కొత్త కెమేరా

1970, 80 దశకాలలో విదేశాల నుండి బంధువులు తెచ్చి ఇచ్చిన కెమేరా తెలుగువారి ఇళ్లలో అపురూపమైన వస్తువు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, అన్నప్రాశనలు దానితోనే చిత్రాలకెక్కాయి. ఫిల్ము వాడుక తగ్గిన తరువాత ఆ కెమేరాలు బీరువాల అడుగుకు, అటకల మీదికి చేరాయి. వాటి షట్టర్లు బిగుసుకుపోయి ఉండవచ్చు, కాంతిమాపకాలు పనిచేయకపోవచ్చు. కాని ముందు భాగాన ఉన్న కటకం అనేక సందర్భాలలో నేటికీ చక్కగానే ఉంటుంది. లోహపు గొట్టంలో అమర్చిన గాజుకు బ్యాటరీతో నిమిత్తం లేదు. అటువంటి కటకాన్ని నేటి చిన్న సెన్సర్ కెమేరాకు తగిలించి వాడుకోవడం ఎలా, అందులోని శాస్త్రం ఏమిటి, ఏ కటకాన్ని భద్రపరచుకోవాలి, దేనిని వదులుకోవాలి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

అద్దం తొలగిన తరువాత

ఫిల్ము యుగపు ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో కటకానికీ ఫిల్ముకూ నడుమ ఏటవాలుగా ఒక అద్దం ఉండేది. మీట నొక్కగానే అది పైకి లేచి కాంతికి దారి ఇచ్చేది. ఆ అద్దం కదలడానికి చోటు కావాలి కనుక, కటకాన్ని బిగించే వలయం నుండి ఫిల్ము వరకు తగినంత దూరం ఉంచవలసి వచ్చింది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ పద్ధతిలో ఈ దూరం 46.5 మి.మీ. ఒలింపస్ ఓ.ఎం. పద్ధతిలో 46, ఎం 42 అనే మరచుట్టు పద్ధతిలో 45.46, కెనాన్ ఎఫ్.డి.లో 42 మి.మీ.

2008లో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిని ప్రకటించాయి. ఇందులో అద్దం లేదు. సెన్సర్‌పై పడిన ప్రతిబింబమే తెరపై కనిపిస్తుంది. అందువల్ల పై దూరం 19.25 మి.మీ.కు తగ్గింది. పాత కటకం వాడుకకు ఆధారం ఈ తేడాయే. 45.46లో 19.25 తీసివేస్తే 26.21 మి.మీ. మిగులుతుంది. ఆ పొడవున్న బోలు గొట్టాన్ని, అనగా అడాప్టరును, నడుమ బిగిస్తే ఎం 42 కటకం తన పూర్వస్థానంలోనే ఉన్నట్లవుతుంది. అతి దూరపు వస్తువులను కూడ స్పష్టంగా చూపుతుంది. ఈ గొట్టంలో గాజు ఉండదు కనుక ప్రతిబింబ నాణ్యత తగ్గదు. దీనికి విలోమం మాత్రం సాధ్యపడదు. కొత్త కటకాన్ని పాత ఎస్.ఎల్.ఆర్.కు తగిలిస్తే అది ఫిల్ముకు మరీ దూరమై, అతి సమీపంలోని వస్తువులను మాత్రమే స్పష్టంగా చూపగలుగుతుంది.

చిన్న సెన్సర్ లెక్కలు

పాత కటకాలు 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు గల ఫిల్ము చట్రానికి రూపొందినవి. మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ కొలతలు 17.3, 13 మి.మీ. కర్ణం ఇంచుమించు సగం. అందువల్ల 50 మి.మీ. నాభ్యంతరం గల కటకం ఇక్కడ చూపే దృశ్యకోణం, ఫిల్ము మీద 100 మి.మీ. కటకం చూపే కోణానికి సమానం. నాభ్యంతరం మారలేదు, ప్రతిబింబంలో నడిమి భాగాన్ని మాత్రమే సెన్సర్ గ్రహిస్తున్నది.

ఇందువల్ల లాభనష్టాలు రెండూ ఉన్నాయి. కటకాల దోషాలు అంచులలో ఎక్కువ, నడుమ తక్కువ కనుక సామాన్యమైన కటకం కూడ మెరుగుగా కనిపిస్తుంది. సాధారణ 50 మి.మీ. కటకం ముఖచిత్రాలకు అనువైనదవుతుంది. కాని 28 మి.మీ. విశాలకోణ కటకం తన విశాలతను కోల్పోయి, 56 మి.మీ. కోణాన్నే చూపుతుంది. సోవియట్ దేశంలో తయారైన హేలియోస్ 44 కటకానికి పేరు తెచ్చిన, వెనుకనున్న ఆకులు సుడులు తిరిగినట్లు కనిపించే లక్షణం అంచులలోనిదే కనుక అదీ చాలావరకు తెగిపోతుంది. విశాలకోణం కోరేవారు ఆ అవసరానికి కొత్త కటకాన్ని కొనడమే మంచిది.

ఎపర్చరును మరీ చిన్నది చేయడం కూడ తగదు. వివర్తనం వల్ల బిందువు బిందువుగా కాక చిన్న వృత్తంగా పడుతుంది. ఆకుపచ్చ కాంతికి ఎఫ్ 8 వద్ద ఆ వృత్తపు వ్యాసం సుమారు 10.7 మైక్రాన్లు, ఎఫ్ 16 వద్ద 21 మైక్రాన్లకు పైమాటే. 20 మెగాపిక్సెల్ సెన్సరులో ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు 3.3 మైక్రాన్లు మాత్రమే. కనుక ఎఫ్ 4 నుండి ఎఫ్ 8 వరకు వాడుకోవడం ఉత్తమం.

గాజుపై పలుచని పొర

గాలి నుండి గాజులోకి ప్రవేశించేటప్పుడు కాంతిలో సుమారు 4 శాతం పరావర్తనం చెందుతుంది. ఎనిమిది ఉపరితలాలున్న కటకంలో చివరకు మిగిలేది 72 శాతమే. నష్టపోయిన కాంతిలో కొంత గాజుల మధ్య అటూఇటూ తిరిగి, చిత్రమంతటా పలుచని తెర కప్పుతుంది. 1896లో జైస్ సంస్థకు చెందిన పౌల్ రూడోల్ఫ్ రూపొందించిన ప్లానార్ కటకం చాలాకాలం ప్రచారానికి నోచుకోకపోవడానికి ఇదే ముఖ్యకారణం.

1890 దశకంలో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ ఒక వింతను గమనించాడు. కాలక్రమాన మసకబారిన కటకాలు కొత్తవాటి కంటె ఎక్కువ కాంతిని పంపుతున్నాయి! గాజు ఉపరితలంలో జరిగిన రసాయనిక మార్పు, తక్కువ వక్రీభవన గుణకం గల పొరను ఏర్పరచడమే అందుకు హేతువు. 1935లో జైస్ సంస్థలోని అలెగ్జాండర్ స్మకులా ఆ పొరను శూన్యంలో పూసే పద్ధతిని సాధించాడు. తరువాత సర్వసాధారణమైన పూత పదార్థం మెగ్నీషియం ఫ్లోరైడ్. దాని గుణకం 1.38. మందం తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు, అనగా సుమారు 100 నానోమీటర్లు ఉంటే, పొర పై నుండీ కింది నుండీ వెనుకకు మరలిన తరంగాలు పరస్పరం చాలావరకు రద్దవుతాయి. పరావర్తనం 1.4 శాతానికి తగ్గుతుంది. ఎనిమిది ఉపరితలాలు దాటిన కాంతి 89 శాతానికి పెరుగుతుంది. దీపం కింద కటకాన్ని వంచి చూసినప్పుడు ఊదా, నీలి, పసుపు ఛాయల ప్రతిబింబాలు కనిపిస్తే పూత ఉన్నదని అర్థం. తెల్లని ప్రతిబింబాలు పూత లేని గాజుకు గుర్తు.

పసుపుబారిన గాజు

కొన్ని పాత కటకాలు తేనీటి రంగుకు మారి ఉంటాయి. ఏడు గాజులు గల ఆసాహీ సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్ 1.4 ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. వక్రీభవన గుణకాన్ని పెంచుతూ వర్ణవిక్షేపణాన్ని అదుపులో ఉంచడానికి ఆనాడు గాజులో థోరియం ఆక్సైడును కలిపేవారు. థోరియం రేడియోధార్మిక మూలకం. దాని అర్ధాయువు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. వెలువడే వికిరణం గాజులోని ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది. అవి లోపస్థానాలలో చిక్కుకొని నీలికాంతిని శోషించే వర్ణకేంద్రాలవుతాయి. అతినీలలోహిత కాంతి సోకితే ఆ ఎలక్ట్రాన్లు విడుదలై, గాజు కొద్ది రోజులలో, లేదా వారాలలో, తేటపడుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కటకాన్ని ఎండలో పెట్టినచో అది సూర్యకాంతిని కేంద్రీకరించి మంట పుట్టించగలదు. కనుక ఒకవైపు అల్యూమినియం రేకుతో మూసి, మండే వస్తువులకు దూరంగా, కనిపెట్టుకొని ఉండాలి. ఇక వికిరణం మాట: బీరువాలో ఉంచి, అప్పుడప్పుడు వాడుకోవడానికి భయపడనక్కరలేదు, దూరంతో దాని తీవ్రత వేగంగా తగ్గుతుంది. అయితే అటువంటి గాజును కంటికి ఆనించి చూసే భూతద్దంగా వాడరాదు. అరగదీయరాదు; పగిలిన ముక్కల ధూళిని పీల్చరాదు. పిల్లలకు ఆటవస్తువుగా అసలే ఇవ్వరాదు. తరువాతి కాలంలో థోరియం స్థానాన్ని లాంథనం ఆక్రమించింది.

అసలు శత్రువు బూజు

కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతపు ఊళ్లలో ఏళ్ల తరబడి ఉన్న కటకానికి పెద్ద ప్రమాదం తేమ. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది. అది శిలీంధ్రానికి ఆహారం కూడ. కటకంలోకి దీపపు వెలుతురు పంపి చూస్తే సాలెగూటి దారాల వంటి పోగులు కనిపిస్తాయి. శిలీంధ్రం స్రవించే ఆమ్లాలు మొదట పూతను, తరువాత గాజును తినివేస్తాయి. ఉపరితలానికే పరిమితమైన బూజును నిపుణుడు తుడిచివేయగలడు; గాజులో పడిన గాట్లకు మందు లేదు. ఇంట్లో శుభ్రపరచదలచినవారు అమోనియాను బ్లీచింగ్ ద్రవంతో ఎన్నడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది. అసిటోన్ గాజులను అతికించిన జిగురునూ, ప్లాస్టిక్కునూ పాడు చేయగలదు.

నివారణ సులభం. తోలు సంచిని తొలగించి, మూత బిగువైన డబ్బాలో సిలికా జెల్‌తో పాటు కటకాన్ని ఉంచి, సాపేక్ష ఆర్ద్రతను 40 నుండి 50 శాతం మధ్య నిలపాలి. కోబాల్ట్ లవణం కలిసిన జెల్ నీలం నుండి గులాబీ రంగుకు మారితే వేడిచేసి తిరిగి వాడుకోవచ్చు. ఆ లవణం విషపదార్థం కనుక ఆ జెల్‌ను వంటపాత్రలలో వేడిచేయరాదు.

వాడే విధానం

కెమేరా మెనూలో, కటకం లేకున్నా షట్టరు పనిచేసే అనుమతిని ముందుగా ఇవ్వాలి. పాత కటకం కెమేరాకు ఏ సమాచారమూ అందించదు. చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు సెన్సరులో ఉంటే, కటకపు నాభ్యంతరాన్ని దానికి తెలపాలి, 50 మి.మీ. కటకానికి 50 అనియే నమోదు చేయాలి, 100 అని కాదు. ఎపర్చరును పూర్తిగా తెరిచి, తెరపై ప్రతిబింబాన్ని పెద్దది చేసి, వలయాన్ని మెల్లగా తిప్పి స్పష్టత కుదుర్చుకోవాలి. ఆపైన ఎపర్చరును కావలసినంత మూయాలి. షట్టరు వేగాన్ని కెమేరాయే నిర్ణయించుకుంటుంది.

ఈసారి స్వదేశం వెళ్లినవారు ఇంట్లోని పాత కెమేరాను పారవేయడానికి ముందు దాని కటకాన్ని ఒకసారి దీపం వెలుగులో పరీక్షించడం మంచిది. గాజు తేటగా ఉండి, వలయాలు సాఫీగా తిరుగుతూ ఉంటే అడాప్టరు ఖర్చు స్వల్పమే. తాతగారు మనుమలను చిత్రించిన కటకంతోనే ఆ మనుమలు తమ బిడ్డలను చిత్రించుకోవచ్చు. బూజు పట్టి ఉంటే మాత్రం మరొక వర్షాకాలం దాకా ఆగరాదు.