పాత కారు, పాత రేడియో: ఒక శాస్త్రపాఠము

గత సంవత్సరము కొందఱు తల్లిదండ్రులు మా గదికి వచ్చి, "మేష్టారూ, తొమ్మిదో తరగతి పిల్లలచేత పాత కారు విప్పిస్తున్నారట. మరి పరీక్షల మాటేమిటి?" అని అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. నాడు నిలుచుండి చెప్పిన సమాధానము వారికిని మాకును తృప్తి కలిగింపలేదు. కావున ఆ పనిని గూర్చి ఇచట వివరించుచున్నాము.

కారు అంబాసిడర్, మార్క్ 2 రకము. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందుస్తాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో ఈ కార్లను 2014 వరకు తయారు చేసిరి. మన బరంపురమున ఒకప్పుడు పెండ్లికొడుకు ఎక్కినను, కలెక్టరు ఎక్కినను ఈ కారే. మాకు లభించినది ఒక పూర్వవిద్యార్థి యింటి పెరటిలో రేకుల పాకక్రింద ఉండెను. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినపుడు ఆ పాక యెగిరిపోయి, వాన కారులోనికి చొచ్చెను. ఇంజను బాగుపడెను గాని సీట్లు, లోకప్పు గుడ్డ, రేడియో అటులే చెడియుండెను. పాతయినుము కొనువాడు తూకమునకు అడుగగా, యజమాని మనసొప్పక పాఠశాల కిచ్చెను.

మొదట సీట్లు. ఎవరైనను చేయు తప్పు, చిరిగిన రెక్సిన్‌ను పీకి పాఱవేయుట. అట్లు చేయరాదు. కుట్టువెంబడి దారమును బ్లేడుతో విప్పి, ప్రతి ముక్కకు సుద్దతో అంకె వేసి పఱచినచో అదియే క్రొత్త తొడుగునకు కొలత. లోపల ఇనుప స్ప్రింగులుండును. తుప్పును తీగబ్రష్షుతో గీకి, రంగు పూసి, పైన గోనెపట్ట, దానిపై కొబ్బరిపీచు, ఆపై దూది, చివరకు రెక్సిన్ పఱచవలెను. గోనెపట్ట లేకుండ నేరుగా స్పాంజి వేసినచో స్ప్రింగులు దానిని కొద్దికాలములోనే కోసివేయును. రెక్సిన్‌ను కొంతసేపు ఎండలో ఉంచి తొడిగిన ముడుతలు పడదు. ఈ కిటుకు మాకు సీట్లు కుట్టు మేస్త్రీ నేర్పినది. ఏ పుస్తకములోను మేము చదివినది కాదు.

క్రింది చాపలు ఎత్తగా తడిసి కుళ్లిన ఫెల్టు కనబడెను. మనది ఉప్పుగాలి ప్రదేశము. తడి ఫెల్టు రేకును అడుగునుండి తినివేయును. రేకు పూర్తిగా ఆఱిన పిదపనే క్రొత్తది పఱచితిమి. తలుపుల రబ్బరు పట్టీలును మార్చితిమి. పిల్లలకు మొదట ఇది అలంకారముగా తోచెను. కాని ఫెల్టును, రబ్బరును లేని కారులో రేకుల మ్రోత ముందు ఎంత మంచి రేడియోయైనను వినబడదు. సీట్ల పనియు రేడియో పనియు వేఱు కావని అపుడు తెలిసికొనిరి.

ఇక రేడియో. అది తొలితరపు ట్రాన్సిస్టర్ సెట్టు. దాని యెండిన కండెన్సర్లను, చినిగిన కాగితపు స్పీకరును పట్టణములోని రేడియో మెకానిక్కు మార్చి యిచ్చెను. మేము తొందరపడి, "ఇక తీగలు కలుపుడు" అంటిమి. వెనుక నిలిచిన ఒక బాలిక, "బాడీకి కలిపినది ఏ ధ్రువమండీ?" అని అడిగెను. మేము చూడలేదు. ఆ కాలపు బ్రిటిష్ నమూనా కార్లలో పెక్కింట బ్యాటరీ ధన ధ్రువమును బాడీకి కలుపుట వాడుక. ఈ కారులో మాత్రము నడుమ నెవరో దానిని మార్చి ఋణ ధ్రువమును కలిపియుండిరి. సెట్టుపై చీటీ ధన ధ్రువమునే సూచించుచుండెను. అటులే కలిపినచో పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్లు క్షణములో మాడిపోయెడివి. అదృష్టవశమున సెట్టు ప్రక్కనొక చిన్న ప్లగ్గు కలదు. త్రిప్పి పెట్టిన ధ్రువము మాఱును. ఒడియా మేస్త్రీ దానిని "ప్లస్ బాడీ, మైనస్ బాడీ" అనును. బాలిక తెలుగు భౌతికశాస్త్ర పుస్తకములోని "ధన ధ్రువము, ఋణ ధ్రువము" అనెను. ఇద్దఱును ఒకరి మాట నొకరు వెంటనే గ్రహించిరి. ఆమెను వచ్చే యేడు ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చవలెనని తండ్రిగారి యోచన. ఏమి చేయుదురో మాకింకను తెలియదు.

ఇంజను నడువగానే రేడియోలో చిటపటలు, సన్నని కూత. ఇగ్నిషన్ కట్టివేయగానే చప్పుడు తక్షణము ఆగినచో అది స్పార్కు ప్లగ్గులది. ఇంజనుతోపాటు మెల్లగా దిగినచో డైనమోది. మాది రెండవది. డైనమో లావు తీగకును బాడీకిని నడుమ 1 మైక్రోఫారడ్ కండెన్సరు పెట్టితిమి. ఎఫ్ గుర్తుగల సన్న తీగకు మాత్రము దానిని ఎన్నడును కలుపరాదు. ఏరియల్ క్రింద రంగును గీకి రేకుతో చక్కగా కలిపినంతనే సగము రొద తగ్గెను.

ఒక సాయంకాలము కారును గోపాల్‌పూర్ తీరమునకు తీసికొనిపోయితిమి. పగటిపూట ఆకాశమునందలి ఒక పొర మధ్యతరంగములను మ్రింగివేయును. ప్రొద్దు క్రుంకినంత ఆ పొర కరగి, పై పొరనుండి అవి దూరదేశములకు పరావర్తనము చెందును. మఱియు ఉప్పునీరు మంచి వాహకమగుటచే సముద్రముమీదుగా వచ్చు తరంగము నేలపైకంటె తక్కువ క్షీణించును. ముల్లు త్రిప్పుచుండగా ఒడియా, బంగ్లా దాటి తెలుగు మాట వినిపించెను. కేంద్రము పేరు చెప్పులోపలనే అది రొదలో మునిగిపోయెను. విజయవాడ కేంద్రము 1948లోను, సుమారు 250 కిలోమీటర్ల దూరముననున్న విశాఖపట్నము కేంద్రము 1963లోను ప్రారంభమైనవి. గంజాము జిల్లా 1936లో మద్రాసు రాష్ట్రమునుండి విడివడిన పిమ్మట మన పెద్దలు సాయంకాలములందు ఇటులనే ముల్లు త్రిప్పుచు కూర్చుండెడివారు. మా తండ్రిగారు వారిలో నొకరు.

పరీక్షల మాట: ఆ తరగతి పిల్లలు విద్యుత్తు పాఠమును రెండుమార్లు చదువవలసిన పని లేకపోయెను, గణితములో మాత్రము కొందఱు వెనుకబడిరి, అది మా లోపమే. ఈ సంవత్సరము కారు పని శనివారము మధ్యాహ్నమునకే పరిమితము. లోకప్పు గుడ్డ ఇంకను కుట్టలేదు. రేడియో ముల్లు త్రిప్పు మీట ఒకటి పోయినది; ఏ యింటనైన పాత కారు రేడియో మూలపడియున్నచో పిల్లలచేత పంపగలరు.