శ్వాస పరీక్ష

ఉద్దేశం: చూడడం, తాకడం, తట్టడం, వినడం అనే నాలుగు పద్ధతుల ద్వారా వైద్యుడు ఊపిరితిత్తుల స్థితిని ఎట్లా గ్రహిస్తాడో తెలపడం, శ్వాస సంబంధమైన వ్యాధులలో కాలయాపన తగదని బోధించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవుడు అన్నం లేకుండా కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని దినాలు జీవించగలడు. గాలి లేకుండా కొన్ని నిమిషాలైనా జీవించలేడు. ఆ ప్రాణవాయువును రక్తానికి అందించేవి ఊపిరితిత్తులు. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమ దానికి రెండు తమ్మెలు ఉంటాయి. పక్కటెముకల పంజరంలో దాగి ఉన్న ఈ అవయవాలను కోయకుండా, తెరవకుండా తెలుసుకోవడం ఎట్లా?

ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మోత్కూరు ప్రాంతాన్నే తీసుకొందాం. దగ్గు, ఆయాసంతో బాధపడే పల్లెవాసి పెద్ద యంత్రాలతో చేసే పరీక్షలకై భువనగిరికో, హైదరాబాదుకో వెళ్ళవలసి రావచ్చు. కూలి మానుకొని చేసే ఆ ప్రయాణం అవసరమా, అవసరమైతే ఎంత తొందరగా అవసరం అన్న నిర్ణయం దగ్గరలోని వైద్యుని కళ్ళమీద, చేతులమీద, చెవులమీద ఆధారపడి ఉంటుంది.

రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడింటితో పరీక్షించాలని వాగ్భటుని అష్టాంగహృదయం చెప్పింది. ఆధునిక వైద్యుడు కూడా ముందు ప్రశ్నిస్తాడు. దగ్గు ఎన్నాళ్ళనుండి ఉన్నది? కళ్ళెలో రక్తం పడుతున్నదా? పొగ తాగే అలవాటు ఉన్నదా? కట్టెల పొయ్యి పొగలో వంట చేస్తున్నారా? పిమ్మట పరీక్ష మొదలవుతుంది.

మొదటిది దర్శనం. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి సుమారు 12 నుండి 20 సార్లు ఊపిరి తీస్తారు. దగ్గుతో ఉన్న పసివారిలో ఈ లెక్క ప్రాణాధారమైనది. రెండు నెలలు నిండి ఏడాది నిండని శిశువు నిమిషానికి 50 సార్లు, ఏడాది నుండి ఐదేళ్ళలోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తే న్యుమోనియాగా అనుమానించాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండు నిమిషం లెక్కించాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు, నాలుక నీలిరంగుకు తిరిగినా ఆసుపత్రికి తరలించడంలో క్షణమైనా ఆలస్యం చేయరాదు. ఇందుకు గడియారం చాలు. అందుకే గ్రామంలోని ఆశా కార్యకర్తకు సైతం ఈ లెక్క నేర్పుతారు.

రెండవది స్పర్శనం. శ్వాసనాళం మెడలో నడిమికి ఉన్నదో, పక్కకు ఒరిగిందో వైద్యుడు వేలితో చూస్తాడు. వీపుపై అరచేయి ఆనించి "ఒకటి, ఒకటి" అనమంటాడు. న్యుమోనియాతో ఊపిరితిత్తి గట్టిపడినచోట మాట అదురు ఎక్కువగా తెలుస్తుంది. నీరు చేరినచోట తగ్గిపోతుంది.

మూడవది తాడనం. అంగడిలో కుండను కొనేవారు దానిని తట్టి, మోతనుబట్టి పగులు గుర్తిస్తారు. ఇటువంటి యుక్తినే ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ వైద్యానికి తెచ్చి, 1761లో గ్రంథంగా వెలువరించాడు. సత్రం యజమాని అయిన ఆయన తండ్రి పీపాలను తట్టి ద్రవమెంత ఉన్నదో తెలుసుకొనేవాడని, ఆ పద్ధతే కుమారునికి మార్గం చూపిందని చెబుతారు. గాలితో నిండిన ఊపిరితిత్తి మార్మోగుతుంది. నీరు చేరితే రాతిని తట్టినట్లు మొద్దుగా పలుకుతుంది.

నాలుగవది శ్రవణం. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనే లెనెక్ అనే వైద్యుడు ఒక యువతిని పరీక్షించవలసి వచ్చింది. ఎదపై చెవి ఆనించడం మర్యాద కాదని తలచి, కాగితాన్ని గొట్టంగా చుట్టి విన్నాడు. శబ్దం మరింత స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపు పుట్టుక అదే. దానితో క్షయ లక్షణాలను ప్రపంచానికి వివరించిన ఆ మహనీయుడు 1826లో, 45 ఏళ్ళ వయసులో ఆ క్షయకే బలి అయ్యాడు.

స్టెతస్కోపుతో వినేటప్పుడు కుడి, ఎడమలను ఒకదానితో ఒకటి పోల్చడం ముఖ్యం. ఉబ్బసంలో ఈలవంటి ధ్వని, న్యుమోనియాలో చెవి దగ్గర వెంట్రుకలను నలిపినట్లు చిటపట వినిపించవచ్చు. అయితే నిశ్శబ్దమంతా ఆరోగ్యం కాదు. తీవ్రమైన ఉబ్బసంలో ఈల ఆగిపోయిందంటే గాలి ఆడడమే తగ్గిందని భావించి అప్రమత్తం కావాలి. క్షయ తొలిదశలో ఎద చప్పుడు మామూలుగానే ఉండవచ్చు. కనుక రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష తప్పక చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో క్షయకు పరీక్ష, మందులు ఉచితం.

చెవికి అందనిదాన్ని యంత్రం చూపుతుంది. యంత్రం వద్దకు ఎవరిని, ఎప్పుడు పంపాలో చెప్పేది మాత్రం రోగి పక్కన ఓపికగా నిలిచిన మనిషే.

అర్థాలు

కాలయాపన = ఆలస్యం చేయడం
తమ్మె = ఊపిరితిత్తిలోని ఒక భాగం
తాడనం = తట్టడం
శ్రవణం = వినడం
యుక్తి = ఉపాయం

ప్రశ్నలు

1. ఊపిరితిత్తులను పరీక్షించే నాలుగు పద్ధతులను వివరించండి.
2. స్టెతస్కోపు ఎట్లా రూపొందిందో సంగ్రహంగా రాయండి.
3. "నిశ్శబ్దమంతా ఆరోగ్యం కాదు." ఈ వాక్యాన్ని సమర్థించండి.