సందేహాలు - సమాధానాలు: ఒగ్గుకథకు నాలుగు చానెళ్లు

ప్రశ్న: మల్లన్న కథ చెప్పే ఒగ్గు బృందాన్ని రికార్డు చేద్దామని నాలుగు మైకులు పెట్టే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్న. ఉబుంటులో రెండు చానెళ్లే కనిపిస్తున్నయి. కార్డు ఖరాబైందా?
- ఒక పాఠకుడు, పానగల్ (నల్లగొండ)

జవాబు: కార్డు బాగానే ఉండి ఉంటుంది. ముందు అది తేల్చుకోండి. టెర్మినల్‌లో ఎరికార్డ్ కమాండుకు హైఫన్, చిన్నబడి ఎల్ జోడించి నడిపితే కార్డు నంబరు తెలుస్తుంది. ప్రాక్ డైరెక్టరీలో, అసౌండ్ కింద, ఆ నంబరున్న ఫోల్డరులో స్ట్రీమ్0 ఫైలు తెరవండి. క్యాప్చర్ అన్నచోట చానెళ్లు 4 అని ఉంటే, కెర్నెల్‌లోని ఆల్సా మీ కార్డును పూర్తిగా గుర్తించినట్టే. మిగతాది పైనున్న పైప్‌వైర్ పని. ఉబుంటు 22.10 నుంచి డెస్క్‌టాప్ శబ్దమంతా దాని గుండానే పోతుంది. పాటలు వినేవాళ్లకు వీలుగా అది కార్డును స్టీరియోగా సర్దిపెట్టి ఉంటుంది. పావుకంట్రోల్ తెరిచి, కాన్ఫిగరేషన్ ట్యాబులో ప్రొఫైల్‌ను ‘ప్రో ఆడియో’కు మార్చండి. ఆక్స్0 నుంచి ఆక్స్3 దాకా నాలుగూ విడివిడిగా వస్తాయి.

రికార్డింగుకు ఆర్డోర్ వాడండి. మొదలుపెట్టేటప్పుడు ఆల్సాను ఎంచుకుంటే కార్డును నేరుగా పట్టుకుంటుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు చాలు. బఫర్ 1024 పెట్టండి. దానివల్ల 21 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది కానీ, కళాకారులెవరూ కంప్యూటర్ గుండా తమ గొంతు వినరు కనుక నష్టం లేదు. బఫర్ మరీ తగ్గిస్తే మధ్యలో ముక్కలు ఎగిరిపోతాయి. ఆ కథను మళ్లీ అదే ఊపులో చెప్పించలేం.

కథకుడికి ఒక మైకు, వంతలకు ఒకటి, డోళ్లకు ఒకటి, తాళాలకు ఒకటి, నాలుగు మోనో ట్రాకులుగా. అక్కడికక్కడే కలిపేయకండి. డోలు దెబ్బ కింద మునిగిన మాటను తర్వాత పైకి తేవడం చాలా కష్టం. ముందుగా బృందం చేత అన్నిటికన్నా జోరైన ఘట్టం వాయించి, ఆ దెబ్బ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా కార్డు మీది గెయిన్ తిప్పండి. నాలుగు చానెళ్లకు గంటకు 2 జీబీ పైచిలుకు పడుతుంది. కథ తెల్లవార్లూ సాగేదైతే డిస్కు ముందే ఖాళీ చేసుకోండి.

ప్రశ్న: కిన్నెర పాటను రికార్డు చేయాలి. రెండేసి చానెళ్ల కార్డులు రెండున్నాయి. రెండింటినీ కలిపి వాడవచ్చా?
- ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: కలపకండి. ఏ కార్డు గడియారం దానిదే. రెండింటి మధ్య పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు ఎడమవుతాయి. తాళం తప్పినట్టే వినిపిస్తుంది. జీటా-ఏజేబ్రిడ్జ్ లాంటివి ఈ తేడాను నడుస్తుండగానే సరిచేస్తాయి. అయినా మీ పనికి ఒక్క కార్డు చాలు. దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. దాని నాదం మాత్రం గొంతు ముందు చిన్నది. ఒక మైకును సొరకాయ బుర్రకు జానెడు దూరంలో, రెండోదాన్ని పాడేవారి నోటికి దగ్గరగా పెట్టండి.

ప్రశ్న: రికార్డింగులో గుయ్‌మని శబ్దం వస్తున్నది.
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. శబ్దం ఆగితే తప్పు ఎర్తింగులో ఉన్నట్టు. ఆగకపోతే మైకు వైర్లు ఒక్కొక్కటే మార్చి చూడండి.