పడకముందే పసిగట్టాలి: పార్కిన్సన్స్ రోగులకు ధరించే సెన్సర్లు

సూరత్‌లోని ఆల్థాన్ నుంచి ఉధ్నా వైపు వెళ్తే మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. అనుభవమున్న కార్మికుడు చప్పుడులో లయ మారగానే మగ్గంలో ఏదో తేడా వచ్చిందని గ్రహిస్తాడు. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారు పడిపోకుండా కాపాడేందుకు రూపొందుతున్న పరికరాలు కూడా ఇదే పని చేస్తాయి. కాకపోతే అవి గమనించేది నడకలోని లయను.

అడుగు ఎందుకు ఆగిపోతుంది?

ఈ వ్యాధిలో డోపమైన్‌ను తయారుచేసే మెదడు కణాలు క్రమంగా నశిస్తాయి. దాంతో ఆలోచించకుండానే సాగిపోవాల్సిన నడక తడబడుతుంది. కొందరికి గుమ్మం దాటేటప్పుడో, పక్కకు తిరిగేటప్పుడో పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతాయి. ఒళ్లు ముందుకు వాలుతుంది, కాళ్లు మాత్రం రావు. అప్పుడు పడితే తుంటి ఎముక విరగవచ్చు. ఎముక విరగకపోయినా, మళ్లీ పడతామన్న భయంతో చాలామంది నడవడం తగ్గిస్తారు. దాంతో కండరాలు బలహీనపడి ముప్పు ఇంకా పెరుగుతుంది.

సెన్సర్ ఏం చూస్తుంది?

ఆగిపోయిన కాలు చాలాసార్లు నిశ్చలంగా ఉండదు, సన్నగా వణుకుతుంది. మామూలు నడకలో కాలి కదలికలు ఎక్కువగా 0.5 నుంచి 3 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు మూడు సార్లలోపు ఉంటాయి. ఈ వణుకు 3 నుంచి 8 హెర్ట్జ్ మధ్య కనిపిస్తుంది. కాలికి కట్టిన యాక్సిలరోమీటర్ ఈ తేడాను కొలుస్తుంది. ఈ రెండు పట్టీల్లోని శక్తుల నిష్పత్తిని బట్టి నడక ఆగడాన్ని గుర్తించవచ్చని 2008లో స్టీవెన్ మూర్ బృందం చూపించింది.

2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో స్విట్జర్లాండ్, ఇజ్రాయెల్ పరిశోధకులు 10 మంది రోగులకు ఇలాంటి సెన్సర్లు అమర్చారు. నడక ఆగినట్లు గుర్తించగానే ఇయర్‌ఫోన్‌లో టిక్ టిక్‌మని తాళం మొదలయ్యేది. లోపలి లయ తప్పినప్పుడు బయటి తాళం మెదడుకు ఆసరా అవుతుంది. మొత్తం 237 సార్లు నడక ఆగగా, పరికరం సుమారు 73 శాతం పసిగట్టింది. నెదర్లాండ్స్‌లో రూపొందిన లేజర్ బూట్లు ఇదే సాయాన్ని కంటికి అందిస్తాయి. ఒక పాదం నేలపై ఉండగా, రెండో పాదం దాటాల్సిన గీతను నేలపై వెలుగుతో చూపిస్తాయి.

పరిమితులు

73 శాతం అంటే నాలుగింట ఒకటి తప్పిపోయినట్లే. పైగా గుర్తించడానికి 2 సెకన్ల వరకు పట్టేది. పడిపోవడానికి ఆ వ్యవధి చాలు. లేచి నిలబడగానే రక్తపోటు తగ్గి పడిపోయేవారికి ఈ పద్ధతి పనికిరాదు. పడిన తర్వాత కుటుంబానికి కబురు పంపే స్మార్ట్‌వాచ్ ఉపయోగకరమే, కానీ అది పడకుండా ఆపలేదు.

ఇదే సూత్రాన్ని ఖర్చు లేకుండా ఇంట్లోనూ వాడవచ్చు. అడుగు ఆగిపోయే చోట నేలపై రంగు టేపును అడ్డగీతలుగా అతికించండి. అడుగు ఆగినప్పుడు చేయి పట్టి లాగకండి. ఒక క్షణం నిలబడి, బరువును ఒక కాలిపైకి మార్చుకుని, "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ రెండో కాలు ఎత్తమనండి. తరచూ ఆగిపోతుంటే ఏ వేళల్లో, మందు వేసుకున్న ఎంతసేపటికి అలా జరుగుతోందో రాసిపెట్టి న్యూరాలజిస్ట్‌కు చూపించండి.