దండోరా నుంచి సెల్‌ఫోన్ దాకా: ఊరి వ్యాపారాలకు ప్రచారం చేయడం ఎలా?



ఏ వ్యాపారానికైనా సరుకు ఎంత ముఖ్యమో, ఆ సరుకు ఉన్నదని నలుగురికీ తెలియడం కూడా అంతే ముఖ్యం. పూర్వం ఊళ్లో ఏ కబురు తెలియాలన్నా దండోరా వేసేవారు. డప్పు పట్టి వాడవాడా తిరిగి చాటినవారిలో మన తాతలు చాలామంది ఉన్నారు. ఊరంతటికీ కబురు చేర్చిన ఆ పనికి గౌరవమూ దక్కలేదు, లెక్క కట్టిన కూలీ దక్కలేదు. పెట్టిన గింజలు తీసుకుని రావడమే. ఆ తర్వాత రిక్షా మైకు, కరపత్రం, గోడ మీద రాతలు, సినిమా హాల్లో స్లైడు, కేబుల్ టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు, ఫ్లెక్సీ వచ్చాయి. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. సాధనం మారింది గాని పని అదే. ఈసారి ఆ పనిని చదువుతో, ముందుగా మాట్లాడుకున్న జీతంతో, తలెత్తుకుని చేయవచ్చునన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్న విషయం.

మేము పీజీ చదువుకుంటూ సాయంత్రం పూట పట్టణంలోని కొన్ని చిన్న దుకాణాలకు ఈ పని చేస్తున్నాం. మా ఇళ్లలో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదటివాళ్లం. ఈ పని మాకు తరగతిలో ఎవరూ చెప్పలేదు. చేస్తూ తెలుసుకున్నదాన్ని మీ కోసం పాఠంలా వరుసగా రాస్తున్నాం.

1. ముందు మాటల అర్థం

సోషల్ మీడియా అంటే ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి అని అందరికీ తెలుసు. కంటెంట్ మార్కెటింగ్ అనే మాట కొంత కొత్తది. “మా దగ్గర కొనండి” అని అరవడం ప్రకటన. కొనేవారికి పనికొచ్చే మాట చెప్పి నమ్మకం సంపాదించడం కంటెంట్ మార్కెటింగ్. ఉదాహరణకు సెల్ రిపేరు షాపు ఉన్నదనుకుందాం. “అన్ని ఫోన్లూ బాగుచేయబడును” అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. “ఫోన్ నీళ్లలో పడిందా? వెంటనే ఆఫ్ చేయండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి” అని ముప్పై సెకన్ల వీడియో పెడితే చూస్తారు, దాచుకుంటారు. ఫోన్ తడిసిన రోజున ఆ షాపే గుర్తుకొస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అందులోనే లక్షల మందిని కూడబెట్టుకున్నవారికి ఒక్క రోజులో అంతా పోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఇప్పుడు మెటా అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. కావున ఏ యాప్‌నూ సొంత ఇల్లు అనుకోరాదు, అది అద్దె ఇల్లు. ఇష్టపడి నంబరు ఇచ్చిన ఖాతాదారుల పేర్లు, నంబర్లు దుకాణం నోటు పుస్తకంలో కూడా ఉండాలి.

2. మొదటి పని: ఉన్నామని తెలియజేయడం

చాలామంది మొదటి రోజే వీడియోలు మొదలుపెడతారు. అది రెండో పని. ముందు గూగుల్ మ్యాప్‌లో దుకాణం కనిపించాలి. దీనికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అనే సదుపాయం ఉంది. 2021కి ముందు దీని పేరు గూగుల్ మై బిజినెస్. దీనికి రుసుము లేదు. పేరు, చోటు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు, సెలవు రోజు సరిగ్గా నింపాలి. బోర్డు మీద ఉన్న పేరే రాయాలి. “జిల్లాలోకెల్లా నంబర్ వన్” వంటి తోకలు తగిలిస్తే గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

మన ఇళ్ల సంగతి ఇక్కడే ఆలోచించాలి. మన నాన్నలు, పెదనాన్నలు చేసే పనులకు చాలావాటికి షాపు ఉండదు, బోర్డు ఉండదు. డప్పు బృందం, మేస్త్రీ పని, బోరు మోటారు రిపేరు, పెళ్లి వంటలు – అన్నీ ఇంటి దగ్గర నుంచే నడుస్తాయి. పని బాగా వచ్చినా ఫోన్‌లో వెతికినవారికి మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపే కనిపిస్తుంది. ఖాతాదారుడి దగ్గరకే వెళ్లి చేసే పనులను ఇంటి అడ్రసు చూపించకుండా, ఏయే ఊళ్లకు వస్తారో రాసి నమోదు చేసే వీలు ఆ ప్రొఫైల్‌లోనే ఉంది. ఈ సంగతి మన వాళ్లలో చాలా కొద్దిమందికే తెలుసు.

రెండవది వాట్సాప్ బిజినెస్. ఇది 2018లో వచ్చింది. ఇందులో సరుకుల జాబితాను ఫోటోలతో, ధరలతో పెట్టవచ్చు. దుకాణం మూసి ఉన్నప్పుడు దానంతటదే జవాబు వెళ్లేలా చేయవచ్చు. పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఉంచుకోవచ్చు. మామూలు బ్రాడ్‌కాస్ట్ సందేశం మన నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. కావున కౌంటరు దగ్గరే “మా నంబరు సేవ్ చేసుకోండి అక్కా” అని అడగడం మంచిది.

3. ఒక్కో దుకాణానికి ఒక్కో భాష

అన్ని దుకాణాలకూ ఒకే రకం “శుభోదయం” పోస్టరు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. కొనేవారు ఏం తెలుసుకోవాలనుకుంటారో అదే మనం చెప్పాలి.

కర్రీ పాయింట్: వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది. కూర కూడా ఆ పూటకే. కావున ఈ వ్యాపారానికి స్టేటస్ సరిగ్గా సరిపోతుంది. పొద్దున పదిన్నరలోపు “ఈ రోజు: దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, టమాటా రసం” అని ధరలతో పెట్టాలి. అయిపోగానే “అయిపోయింది” అని కూడా పెట్టాలి. అలా చెప్పడం వల్ల మనిషి వచ్చి ఉత్త చేతులతో తిరిగిపోడు, రేపు త్వరగా వస్తాడు.

చేనేత చీరలు: చీరాల, మంగళగిరి వంటి చోట్ల నేసే చీరలకు ఫోటో ప్రాణం. ట్యూబులైటు కింద తీస్తే రంగు మారిపోతుంది. పొద్దుటి వెలుతురులో, నీడపట్టున తీయాలి. అంచు దగ్గర నుంచి ఒకటి, పల్లూ ఒకటి, మొత్తం చీర ఒకటి చాలు. నూలా పట్టా, జాకెట్టు ముక్క ఉందా, మొదటిసారి ఎలా ఉతకాలి, ధర ఎంత అన్నవి రాయాలి. “ధరకు మెసేజ్ చేయండి” అంటే సగం మంది వెళ్లిపోతారు. మరమగ్గం చీరను చేనేత అని ఎన్నడూ రాయకూడదు. అది నేసేవారి నోటి ముందు కూడు తీసినట్టే. చేనేతను గుర్తించేందుకు 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. ఆ గుర్తు ఉంటే దానిని ఫోటోలో చూపాలి.

లేడీస్ టైలరు, మగ్గం వర్కు: కుట్టిన జాకెట్ల వెనక మెడ డిజైన్లు చూపాలి. వేసుకున్న మనిషి ఫోటో అయితే ఆమెను అడిగి, ఒప్పుకుంటేనే పెట్టాలి. శ్రావణమాసం ముందు “ఈ తేదీ దాటాక పండుగ ఆర్డర్లు తీసుకోము” అని పెట్టడం కూడా మంచి ప్రచారమే. మాట ఇచ్చిన రోజున ఇచ్చే టైలరు అన్న పేరుకు మించిన ప్రకటన లేదు.

ఆవకాయ, పచ్చళ్లు: ఇంట్లో పెట్టి అమ్మే అమ్మలకు యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మేలు. కాయ కొట్టడం, ఆవపిండి కలపడం, జాడీకి ఎత్తడం చూపిస్తే నోరూరుతుంది. హైదరాబాదు, బెంగళూరులలో ఉన్న మన వాళ్లు, విదేశాలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు కొంటారు. అయితే సీసా మీద తూకం, తయారైన తేదీ, వాడిన వస్తువులు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. పోస్టు పెట్టే ముందే ఆ రిజిస్ట్రేషన్ చేయించడం మన బాధ్యత.

డప్పు బృందం, టెంటు హౌసు: చిన్న వీడియో ఒకటి చాలు. దాని కింద ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు, మనిషికి ఎంత, దారి ఖర్చు ఎవరిది, అడ్వాన్సు ఎంత అని స్పష్టంగా రాయాలి. రేటు రాసి ఉంటే కార్యక్రమం అయ్యాక బేరం పెట్టే అవకాశం తగ్గుతుంది. మన కళకు లెక్క కట్టిన కూలి రావాలంటే ఇది చాలా అవసరం.

4. పంచాంగమే మన ప్రణాళిక

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కరలేదు. గోడ మీది క్యాలెండరు చాలు. సంక్రాంతి, పెళ్లి ముహూర్తాలు, ఎండాకాలం పచ్చళ్లు, జూన్‌లో బడులు తెరవడం, ఆషాఢం తగ్గింపులు, ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, వరలక్ష్మీ వ్రతం, దసరా, రంజాన్, క్రిస్మస్ – ఏ దుకాణానికి ఏది ముఖ్యమో గుర్తు పెట్టుకోవాలి. పండుగకు రెండు మూడు వారాల ముందే పని మొదలుపెట్టాలి. మూఢంలో ముహూర్తాలు లేనప్పుడు టెంటు హౌసుకు పని ఉండదు. ఆ రోజుల్లో సామాను ఫోటోలు తీసి జాబితా తయారుచేయాలి.

5. అబద్ధం చెప్పరాదు

ఒక యజమాని మమ్మల్ని “మీ హాస్టల్లో చాలామంది ఉన్నారుగా, అందరితో ఐదేసి స్టార్లు వేయించండి” అన్నారు. మేము ఒప్పుకోలేదు. కొనని మనిషి రాసిన మెప్పు దొంగ సాక్ష్యంతో సమానం. దానికి బదులు నిజంగా కొన్నవారిని “వీలైతే రెండు మాటలు రాయండి” అని అడగవచ్చు. అలా రాసినందుకు తగ్గింపు ఇస్తామనడం కూడా గూగుల్ నిబంధనలకు వ్యతిరేకం.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే వీలుంది. మందు షాపు, మూలికల షాపు “షుగర్ పూర్తిగా నయం” అని రాయమంటే రాయకూడదు. 1954 నాటి చట్టం అటువంటి ప్రకటనలను నిషేధిస్తుంది. సినిమా పాటలకు హక్కుదారులు ఉంటారు కాబట్టి వ్యాపార వీడియోకు ఇష్టమొచ్చిన పాట తగిలించరాదు. అనుమతి ఉన్న సంగీతాన్ని, లేదా మన గొంతునే వాడాలి.

6. జీతం, లెక్క, తాళం చెవి

“ఫోన్‌లో రెండు ఫోటోలు పెట్టడమేగా, దానికి డబ్బులా?” అనేవారు ఉంటారు. అందువల్ల ఈ నాలుగు విషయాలూ ముందే కాగితం మీద రాసుకోవాలి.

అ) నెలకు ఎన్ని పోస్టులు, ఎన్ని వీడియోలు.
ఆ) మన జీతం ఎంత, ఏ తేదీన ఇస్తారు.
ఇ) డబ్బు కట్టి వేసే ప్రకటనల ఖర్చు ఎవరిది. అది ఎప్పుడూ యజమాని ఖాతా నుంచే వెళ్లాలి.
ఈ) ఖాతా ఎవరి పేరు మీద. ఇది తప్పకుండా యజమాని పేరు మీద, యజమాని నంబరుతోనే ఉండాలి. మనం మేనేజరుగా మాత్రమే చేరాలి. తాళం చెవి వారిది, ఊడ్చి ముగ్గు పెట్టడం మనది.

నెలాఖరున లైకుల లెక్క చూపితే సరిపోదు. “ఎలా తెలిసి వచ్చారు?” అని కౌంటరులో అడిగి రాయించాలి. ఉదాహరణకు ఒక నెలలో ఫోన్ చూసి 12 మంది వచ్చి, 7 గురు తలా 400 రూపాయల సరుకు కొన్నారనుకుందాం. అమ్మకం 2,800. అందులో లాభం పావు వంతు అయితే 700. ప్రకటన ఖర్చు 500, మన జీతం 1,000 అయితే ఆ నెల యజమానికి 800 నష్టం. ఆ మాట మనమే ముందుగా చెప్పాలి. ప్రకటన ఖర్చు ఆపి, పాత ఖాతాదారులను మళ్లీ రప్పించే మార్గం చూడాలి. కష్టం సుఖం తెలిసిన చిన్న యజమాని నిజం చెప్పినవాడిని వదులుకోడు.

7. ముగింపు

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ పనికి ఖరీదైన కెమెరా అవసరం లేదు. మామూలు ఫోను, తప్పుల్లేని తెలుగు, మనుషులతో మర్యాదగా మాట్లాడడం ఉంటే చాలు. అంగడిలో బేరం ఎలా జరుగుతుందో, కూలివాడి ఇంట్లో పది రూపాయలకు విలువ ఎంతో మనకు తెలుసు. ఆ తెలివి ఏ కోర్సులోనూ దొరకదు. అయితే పరీక్షల కాలంలో కొత్త పని ఒప్పుకోకండి. రోజుకు గంటన్నర మించనివ్వకండి. చదువే మన మొదటి ఆస్తి.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. మీ నాన్న గారో, అమ్మ గారో, పక్కింటి బాబాయో చేసే పనికి పేరు, నంబరు, వచ్చే ఊళ్లు, సరసమైన రేటు రాసి ప్రొఫైల్ తయారుచేయండి. వారి పని చేతులను, వారు ఒప్పుకుంటే, ఒక మంచి ఫోటో తీసి పెట్టండి. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలూ, అక్కలూ మీ ఊళ్లోని ఒక చిన్న దుకాణాన్ని మన హాస్టల్ విద్యార్థికి పరిచయం చేయండి. ఆ విద్యార్థి పుస్తకాల ఖర్చు అక్కడి నుంచే వస్తుంది.